18 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నా "ఎవర్ని కొట్టాడు చెప్పు" అంటారేంటి?

జాబ్_జగదీష్:
నిన్న రాత్రి రూమ్‌లో పెద్ద గొడవ. బాక్సింగ్ చరిత్రలో హెవీవెయిట్ టాప్ టెన్‌లో వ్లాదిమిర్ క్లిచ్కో ఉండాలని ఊరికే అన్నా, అంతే, మా రూమ్మేట్ నవ్వడం మొదలెట్టాడు. "వాడా? ఎవర్ని కొట్టాడు చెప్పు" అంట. సరే అని చెప్పుకుంటూ పోయా. క్రిస్ బర్డ్ అంటే "అప్పటికే అయిపోయాడు". ఇబ్రగిమోవ్ అంటే "ఆ ఫైట్‌కి నిద్రొచ్చింది" (వీడు ఆ ఫైట్ చూళ్ళేదు, నాకు తెలుసు). డేవిడ్ హే అంటే "నోరు తప్ప ఏముంది వాడికి". పొవెత్కిన్ అంటే "వాటేసుకుని గెలిచాడు". 2006 ఏప్రిల్ నుంచి 2015 నవంబర్ దాకా తొమ్మిదిన్నరేళ్ళు బెల్ట్ చేతిలోంచి జారనివ్వలేదు మహానుభావుడు, వరసగా 18 డిఫెన్సులు, ఎవడి పేరెత్తినా ఏదో ఒక వంక. పైగా అదే నోటితో వ్లాదిమిర్‌ని ఓడించిన టైసన్ ఫ్యూరీది మాత్రం "గ్రేట్ విన్" అంటాడు! ఒరేయ్, పనికిరానోళ్ళని కొట్టినోడు కాబట్టి ఇతను పనికిరానోడైతే ఇతన్ని కొట్టినోడు గ్రేట్ ఎలా అయ్యాడ్రా అంటే సమాధానం లేదు, అటు తిరిగి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. మీరు చెప్పండి, బాగా ఆధిపత్యం చూపించినోళ్ళకే ఈ ఖర్మేంటి?

పాప్‌కార్న్_ప్రసాద్:
నిద్ర పట్టకపోతే ఆ ఇబ్రగిమోవ్ ఫైట్ పెట్టుకోవాల్సింది

జాబ్_జగదీష్:
వచ్చాడండీ ఇంకో రూమ్మేట్

సీమ_హుక్:
మీ రూమ్మేట్ చెప్పిండేదాంట్లో తప్పేముందప్పా. 2008లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జనం డబ్బులిచ్చి వచ్చి విసుగొచ్చి అరిచి గోల చేసినారు ఆ ఇబ్రగిమోవ్ ఫైట్‌కి. వాళ్ళంతా తెలివిలేనోళ్ళా? ఎడమచెయ్యి చాపుకోని 12 రౌండ్లు నిలబడితే గెలుపు గెలుపే, కాదన్ల్యా. కానీ గెలుపు వేరే, గొప్ప వేరే. పరీక్షలో 35 వచ్చినా పాసే, 95 వచ్చినా పాసే.

జాబ్_జగదీష్:
అన్నా అతనికి వచ్చింది 95ఏ కదా, దాదాపు అన్ని రౌండ్లూ అతనివే. మీరు దస్తూరీ బాలేదని మార్కులు కొట్టేస్తున్నారు.

వైజాగ్_సౌత్‌పా:
జగదీష్ దస్తూరీ మాట బాగుంది. నేను కుర్రాడప్పుడు ఓ ఆరేళ్ళు ఆడాను, జిల్లా దాటి స్టేట్ వరకూ వెళ్ళాను, పెద్ద గొప్పేం కాదు గానీ ఒకటి మాత్రం ఒంటికి తెలిసొచ్చింది. మా జిమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, పొడుగు మనిషి. ఆయనతో స్పారింగంటే (ప్రాక్టీస్ ఫైట్) ముందురోజు నుంచే నాకు కడుపులో తిప్పేది. అలాగని గట్టిగా కొట్టేవాడేటి? కాదు. నేను అడుగు ముందుకెయ్యగానే నుదుటి మీద ఓ జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు. తల పక్కకి తీస్తే భుజం మీద అరచెయ్యి. లోపలికి దూరితే మెడ మీద బరువేసి వంచేసేవాడు, రిఫరీ విడదీసేవాడు, మళ్ళీ మొదట్నుంచి. మూడు రౌండ్లయ్యేసరికి ఒక్క మంచి పంచ్ వేసిన గుర్తుండదు నాకు. బయట కూర్చున్న మా ఫ్రెండ్స్ ఏమనేవారో తెలుసా, "ఏట్రా ఇవాళ నువ్వేం ఆడలేదు, డల్‌గా ఉన్నావ్". అంతా నాదే తప్పన్నమాట! ఆయన ఆడనివ్వలేదని ఒక్కడూ అన్లేదు.

క్లిచ్కో ఫైట్లు చూసినప్పుడల్లా నాకు అవతలివాడి మొహంలో నా మొహమే కనపడుద్ది. కాళ్ళు కుదురుకుంటేనే పంచ్ వస్తుంది. ఆ ఎడమచెయ్యి చేసే పనల్లా ఎదుటివాడి కాళ్ళు కుదురుకోనివ్వకపోవడమే. టీవీలో చూసేవాడికి మాత్రం ఒకడు చెయ్యి చాపుకుని ఉంటాడు, ఇంకొకడు బిక్కమొహం వేసుకుని చుట్టూ తిరుగుతుంటాడు. "ఇలాంటివాణ్ణా కొట్టాడు" అనుకుంటారు. వాడు అలా అయ్యింది ఇతని వల్లే కదా అన్న ఆలోచన రాదు. ఎంత బాగా కొడితే ఎదుటివాడు అంత చేతకానివాడిలా కనపడతాడు, వాడు ఎంత చేతకానివాడిలా కనపడితే ఇతని గెలుపుకి అంత రేటు తగ్గిపోద్ది.

మౌనముని:
రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. సౌత్‌పా గారి చివరి వాక్యం కోసం లాగిన్ అయ్యాను.

పాప్‌కార్న్_ప్రసాద్:
మౌనముని మౌనం వీడాడు, దీన్ని ఎవరైనా పిన్ చెయ్యండి

పాతకాలం_రావు:
మీరంతా క్లిచ్కో దగ్గరే ఆగిపోయారు. ఈ జబ్బుకి అసలు పేషెంట్ లారీ హోమ్స్. నాకు అప్పుడు పాతికేళ్ళు, పేపర్లో చివరి పేజీ చూసి అలీ ఓడిపోయాడని రోజంతా దిగులుగా తిరిగాను. 1980 అక్టోబర్ 2. అలీకి 38 ఏళ్ళు, రెండేళ్ళుగా ఆడలేదు. హోమ్స్ ఒకప్పుడు ఆయన దగ్గరే స్పారింగ్ పార్ట్‌నర్‌గా పనిచేసినవాడు, గురువులాంటి మనిషి. పది రౌండ్లూ పదీ హోమ్స్‌వే, ముగ్గురు జడ్జిల కార్డుల్లోనూ. పదో రౌండ్ తర్వాత అలీ కార్నర్ వాళ్ళే (ఆయన ట్రైనర్ బృందమే) ఆపేశారు. గెలిచినవాడు ఏడ్చాడయ్యా! ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత, ఈయన ఇంటిదాకా కూడా ఆగలేదు.

ఆ గెలుపుకి ఏం వచ్చింది? చచ్చిన పామునెందుకు కొట్టావన్నారు. ఓడిపోయి ఉంటే? ముసలివాడి చేతిలో ఓడాడనేవాళ్ళు. అలాంటి ఫైట్‌లో ఏం చేసినా క్రెడిట్ రాదు.

అసలు మంచి గెలుపు అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది, 1978 జూన్‌లో కెన్ నార్టన్ మీద. 15 రౌండ్లు, ఆఖరి రౌండ్ వరకూ ఎవరిదో తేలలేదు, ఒక్క పాయింట్ తేడాతో స్ప్లిట్ డెసిషన్, ఇద్దరు జడ్జిలు ఇతనికి, ఒకరు నార్టన్‌కి. ఆ ఆఖరి రౌండ్ ఎవరైనా చూడకపోతే ఈ చర్చ ఆపేసి వెళ్ళి చూడండి. తర్వాత ఏడేళ్ళపైన ఛాంపియన్. అయినా సరే, పెద్దచెట్టు నీడలో మొలిచిన మొక్కకి ఎండ తగలదు. జనం అలీని వెతుక్కుంటున్నారు, హోమ్స్‌లో అలీ లేడు, అంతే ఆయన చేసిన నేరం.

స్వాతి_రింగ్‌సైడ్:
రావుగారూ కూనీ ఫైట్ కూడా చెప్పండి. 1982 జూన్. ఛాంపియన్ హోమ్స్, ఛాలెంజర్ కూనీ. ఆనవాయితీ ప్రకారం ఛాంపియన్‌ని ఆఖర్న పరిచయం చెయ్యాలి, కానీ అక్కడ హోమ్స్‌ని ముందు పిలిచి కూనీని ఆఖర్న పిలిచారు. డబ్బులు కూడా ఇద్దరికీ సమానం. కూనీ తెల్లవాడు కాబట్టి అతని మీద ఆశలు పెట్టుకున్నారు, ఇందులో దాపరికమేం లేదు. 13వ రౌండ్‌లో హోమ్స్ ఆపేశాడు. లో బ్లోలకి (నడుం కింద కొట్టడం) కూనీకి మూడు పాయింట్లు కోశారు కదా, అవి కొయ్యకపోయుంటే ఇద్దరు జడ్జిల దగ్గర కూనీయే ముందుండేవాడు! ఫైట్ చూసినవాళ్ళకి ఆ కార్డులు ఇప్పటికీ అర్థం కావు.

కాబట్టి జగదీష్, "స్టైల్ బోర్" ఒక్కటే కారణం కాదు. హోమ్స్ స్టైల్ బోర్ కాదు, ఆ కాలంలో అలాంటి జాబ్ ఇంకెవరికీ లేదు. ఎవరు గెలవాలని జనం ముందే అనుకున్నారో అదీ లెక్కలోకి వస్తుంది.

పాతకాలం_రావు:
అవునమ్మా, అది మర్చిపోకూడనిది. ఇంకొకటి కూడా, ఆయన నోరు ఆయనకి శత్రువు. 1985 సెప్టెంబర్‌లో 48-0తో (48 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) వెళ్ళి మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. ఇంకొక్కటి గెలిస్తే ఓటమి లేకుండా రిటైరైన పాత ఛాంపియన్ మార్సియానో 49-0తో సమానం. ఓడిన కడుపుమంటలో మార్సియానో గురించి నోటికొచ్చింది అనేశాడు, చనిపోయిన మనిషిని, వాళ్ళ ఇంటివాళ్ళ ముందే. ఉన్న కాస్త సానుభూతీ పోయింది.

సీమ_హుక్:
అదే చెప్తాండా. క్రెడిట్ ఊరికే రాదు, సంపాదించుకోవల్ల. నోరు, ఆట రెండూ కుదరల్ల.

డెట్రాయిట్_బాబు:
సీమ అన్నా నోరు, ఆట రెండూ కుదిరినోడు ఫ్లాయిడ్ మేవెదర్, 50-0, డబ్బులకి కొదవ లేదు. క్రెడిట్ మాత్రం అతనికీ లేదుగా 😀 పకియావోని కొడితే "2009లో కొట్టాల్సింది, 2015 దాకా సాగదీశాడు" అన్నారు. కనెలోని కొడితే "పిల్లోడు, 23 ఏళ్ళు, పైగా బరువు దింపించి 152 పౌండ్ల దగ్గర ఆడించాడు". ఒకడు ముసలోడు, ఒకడు పిల్లోడు. మేవెదర్‌కి సరైన వయసులో ఎదురైనవాడు భూమ్మీద పుట్టలేదు అన్నమాట.

సీమ_హుక్:
పకియావో విషయంలో జనం అనిండేది నిజమే కదా? ఐదేండ్లు ఊరించి ఊరించి, ఇద్దరూ మెత్తబడినాక ఆడినారు. ఇంట్లో మేమంతా పొద్దున్నే లేచి కాఫీలు పెట్టుకోని కూర్చుంటే ఏముంది దాంట్లో. అంత ఎదురుచూపుకి ఆ ఫైటా.

డెట్రాయిట్_బాబు:
లేట్ చేశారన్నది ఒప్పుకుంటా. కానీ లేట్ అయింది ఇద్దరికీ కదా, మేవెదర్‌కి అప్పటికి 38, పకియావోకి 36. ముసలితనం ఓడినోడికి మాత్రమే ఎందుకు లెక్కేస్తారు? నా ప్రశ్న అదొక్కటే.

ఇందూరు_పోరడు:
బాబన్న మంచిగ అడిగిండు. ఇగ క్రాఫర్డ్ ముచ్చట జూడున్రి. 2023 జులైల స్పెన్స్‌తోటి ఫైట్. దానికి ముందు ఎవన్ని అడిగినా ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నరు, ఈడనే ఒక థ్రెడ్ ఉండె, సగం మంది స్పెన్స్ గెలుస్తడని రాసిన్రు (నేను గూడ, దాసిపెట్టుడెందుకు). క్రాఫర్డ్ ఏం జేసిండు, మూడుసార్లు కిందేసి తొమ్మిదో రౌండ్ల ఖతం జేసిండు. తెల్లారంగనె ఏమన్నరు? "స్పెన్స్‌కు 2019ల కార్ యాక్సిడెంట్ అయింది గద, అప్పటిసంది ఆయన ఆయన కాదు". అరె, ఆ యాక్సిడెంట్ ఫైట్‌కు ముందు గూడ అయ్యే ఉన్నది గద భాయ్! ముందుదినం యాదికి రాలె, ఫైట్ అయిపోంగనె యాదికొచ్చింది. గదే పన్నెండు రౌండ్లు కష్టపడి పాయింట్ల మీద గెల్చి ఉంటే "ఏం ఫైట్ రా, ఇద్దరు లెజెండ్స్" అంటుండె.

జాబ్_జగదీష్:
ఇదే ఇదే ఇదే. ఈజీగా గెలిస్తే ఎదురోడి రేటు పడిపోద్ది, కష్టపడి గెలిస్తే ఇద్దరి రేటూ పెరుగుద్ది. మరి బాగా ఆడటం తప్పేనా?

ఇందూరు_పోరడు:
ఇంక కనెలో సంగతి గూడ గంతే. 2025 సెప్టెంబర్ల క్రాఫర్డ్ బరువు రెండు క్లాసులు మీదికి పోయి 168 పౌండ్లల కనెలోను గెల్చిండు. చిన్నోడు పెద్దోన్ని కొట్టిండు, ఇగ ఏ వంకా ఉండదనుకున్న. రెండు నిమిషాలు గూడ కాలె, "కనెలో ముసలైండు". క్రాఫర్డ్ కనెలోకంటె మూడేండ్లు పెద్ద!!

పాప్‌కార్న్_ప్రసాద్:
కనెలో 23కి పిల్లోడు, 35కి ముసలోడు. మధ్యలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఫామ్‌లో ఉన్నాడంట, అప్పుడు ఎవరూ ఖాళీగా లేరు

స్వాతి_రింగ్‌సైడ్:
😂😂 ప్రసాద్ గారూ ఈ ఒక్కదానికి మీ పాత పాపాలు మాఫీ

వైజాగ్_సౌత్‌పా:
ఇలాంటిదే రిగొండో కథ. క్యూబా వాడు, 2000లో 2004లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు. 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో నోనిటో డొనైర్‌తో. అప్పుడు డొనైర్ అంటే మామూలోడు కాదు, ముందు ఏడాది 2012కి ఫైటర్ ఆఫ్ ది ఇయర్ అతనే. రిగొండో అతన్ని గాల్లో గుద్దించి గాల్లో గుద్దించి వదిలిపెట్టాడు, పదో రౌండ్‌లో ఒక్కసారి తను కింద పడ్డాడు, అంతే. నాకైతే ఆ ఫైట్ పాఠ్యపుస్తకం. గెలిచాక అతనికి పెద్ద పెద్ద ఫైట్లు వరస కట్టాలి కదా? టీవీ వాళ్ళు మొహం చాటేశారు. ఓడిన డొనైర్‌కి దొరికినన్ని అవకాశాలు గెలిచినవాడికి దొరకలేదు. చివరికి 2017లో రెండు వెయిట్ క్లాసులు పైకెళ్ళి లొమచెంకోతో ఆడి ఆరో రౌండ్ తర్వాత స్టూల్ మీంచి లేవలేదు, ఆ రోజు మాత్రం అందరూ "చూశారా, మేం అప్పుడే చెప్పాం" అని వచ్చేశారు.

సీమ_హుక్:
సౌత్‌పా అన్నా నువ్వు ఆడిండేవాడివి కాబట్టి నీకు పాఠ్యపుస్తకం. మాకు పాఠ్యపుస్తకం ఎందుకన్నా, ఆదివారం పూట. బాక్సింగ్ టికెట్ మీద బతికే ఆట. జనం చూసేది ప్రమాదం. తాడు మీద నడిచేవాడు ఊగకుండా నడిచిపోతే చప్పట్లు తక్కువే పడతాయి, ఊగి నిలబడితే ఈలలేస్తారు. అది జనం తప్పు అంటే ఎట్లా.

స్వాతి_రింగ్‌సైడ్:
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. మార్విన్ హాగ్లర్‌నే తీసుకోండి. 1980లో మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు, లండన్‌లో, ఆ రోజు జనం రింగులోకి సీసాలు విసిరారు. తర్వాత 12 డిఫెన్సులు. ఎంత చేసినా తనకి రావాల్సిన పేరు రావట్లేదని "మార్వెలస్" అన్న మాటని కోర్టుకెళ్ళి తన అసలు పేరులో కలిపేసుకున్నాడు, 1982లో. అంటే ఇక అనౌన్సర్‌కి ఇష్టమున్నా లేకపోయినా అద్భుతం అనాల్సిందే! పొగడ్తని ఆధార్ కార్డుకి ఎక్కించుకోవడం అంటే ఇదే. మరి అతన్ని నిజంగా జనం నెత్తిన పెట్టుకుంది ఎప్పుడు? 1985 ఏప్రిల్‌లో హెర్న్స్‌తో మూడు రౌండ్లు, నుదురు చీలి మొహం నిండా రక్తం. రక్తం వచ్చాక క్రెడిట్ వచ్చింది.

జాబ్_జగదీష్:
కోర్టుకెళ్ళి పేరు మార్చుకున్నాడా!! ఇది నాకు తెలీదు. రూమ్మేట్‌కి చెప్పాలి.

మౌనముని:
పడిలేస్తేనే గుర్తింపు అన్నదానికి ఇనోవే మంచి ఉదాహరణ. జపాన్‌లో వరసగా అందర్నీ పడగొడుతున్నంత కాలం "సొంత ఊళ్ళో ఆడతాడు, చిన్నోళ్ళని కొడతాడు" అన్నారు. 2024 మేలో టోక్యో డోమ్‌లో నెరీ మొదటి రౌండ్‌లోనే ఇతన్ని కింద పడేశాడు, ఇతను లేచి ఆరో రౌండ్‌లో ముగించాడు. అప్పట్నుంచి "గుండె ఉంది" అంటున్నారు. అంతకుముందు గుండె ఎక్కడ పెట్టుకున్నాడో మరి.

పాప్‌కార్న్_ప్రసాద్:
మునిగారు రెండో పోస్ట్. ఇక ఆగరు.

సీమ_హుక్:
ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. క్లిచ్కో కూడా అంతే, ఎక్కువగా జర్మనీలోనే ఆడతాండె. 2008 తర్వాత మళ్ళా అమెరికాలో ఆడింది 2015లో జెన్నింగ్స్‌తోనే కదా.

డెట్రాయిట్_బాబు:
అన్నా జర్మనీ అతనికి "ఇల్లు" ఎలా అవుతుంది, అతనిది ఉక్రెయిన్ 😀 జర్మనీలో 2009లో చగాయెవ్‌తో ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడితే 60 వేల మంది పైనే వచ్చారు. నిండిన స్టేడియం వదిలేసి, అరిచి గోల చేసే అమెరికాకి ఎందుకొస్తాడు? ఇక్కడి టీవీలో రాకపోతే ఆ ఫైట్ జరగనట్టే అనుకునే పొగరు మా ఊరోళ్ళకి చాలా ఎక్కువ, నేను 20 ఏళ్ళుగా చూస్తున్నా. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన బాక్సింగ్ అంటే ప్రాణం పెడతాడు, ఇక్కడి క్రాంక్ బాక్సింగ్ జిమ్ కబుర్లు చెప్తే టైమ్ తెలీదు, వ్లాదిమిర్‌ని తయారుచేసిన ట్రైనర్ ఇమాన్యుయెల్ స్టీవర్డ్ ఆ జిమ్ మనిషే, మా డెట్రాయిట్ మనిషే కదా. ఆయన కూడా స్టీవర్డ్‌ని పొగుడుతాడు గానీ వ్లాదిమిర్‌ని పొగడడు! వంట బాగుందట, వండిన గిన్నె బాలేదట.

ఇంకో సంగతి. 2003లో శాండర్స్ రెండో రౌండ్‌లో, 2004లో బ్రూస్టర్ ఐదో రౌండ్‌లో ఇతన్ని పడగొట్టేశారు. అప్పుడు ఇతను దూకుడుగా ఆడేవాడు, అందరికీ నచ్చేవాడు, గడ్డం మీద గట్టిగా ఒక్కటి పడితే మాత్రం అద్దంలా పగిలేది. స్టీవర్డ్ ఆ గడ్డాన్ని దాచిపెట్టే ఆట నేర్పించాడు, జాబ్, ఆ తర్వాత కుడిచెయ్యి, దగ్గరికొస్తే వాటేసుకో. బలహీనత తెలుసుకుని దాని చుట్టూ కోట కట్టుకోవడం తెలివి కాదా? నచ్చేలా ఆడినప్పుడు ఓడాడు, ఓడకుండా ఆడితే నచ్చలేదు.

పాతకాలం_రావు:
బాబు గారూ, 2005లో శామ్యూల్ పీటర్ మూడుసార్లు కింద పడేస్తే లేచి లేచి గెలిచాడు చూశారా, ఆ ఒక్క ఫైట్‌కి మాత్రం వ్లాదిమిర్‌ని తిట్టేవాళ్ళు కూడా తల ఊపుతారు.

స్వాతి_రింగ్‌సైడ్:
నేను వ్లాదిమిర్ అభిమానినే, కానీ 2013 పొవెత్కిన్ ఫైట్‌ని సమర్థించలేను, క్షమించండి. మాస్కోలో. నాలుగు నాక్‌డౌన్లు, ముగ్గురు జడ్జిలదీ 119-104, కాగితం మీద చూస్తే ఊచకోత. చూస్తే మాత్రం ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషి మెడ మీద 12 రౌండ్లు ఆరేసిన దుప్పటిలా వేలాడటం. రిఫరీ చాలా ముందే పాయింట్లు కొయ్యాల్సింది. ఇక్కడ జనం క్రెడిట్ ఇవ్వకపోవడం జనం తప్పు కాదు.

వైజాగ్_సౌత్‌పా:
స్వాతి గారు అన్నది నిజం. ఆ ఫైట్ విషయంలో నేనూ నోరెత్తను. క్లించ్ (వాటేసుకోవడం) కూడా కళే, కానీ ఆ రోజు కళ కాదది.

జాబ్_జగదీష్:
సరే పొవెత్కిన్ వదిలేశా. మిగతా 17 ఉన్నాయిగా. హే ఫైట్? 2011లో హాంబర్గ్‌లో, హే ఏళ్ళ తరబడి వాగి వాగి వచ్చి 12 రౌండ్లు పారిపోయి, చివర్లో కాలి బొటనవేలు విరిగిందని బూటు విప్పి చూపించాడు.

పాప్‌కార్న్_ప్రసాద్:
ఆడలేక మద్దెల ఓడు విన్నాం, ఆడలేక వేలు విరగడం అప్పుడే చూశాం

డెట్రాయిట్_బాబు:
ఇంకోటి ఎవరూ అన్లేదు. అప్పట్లో హెవీవెయిట్‌లో రెండో బెస్ట్ ఎవరు? సొంత అన్న, విటాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడమని అమ్మకి మాటిచ్చారు. కెరీర్‌కి కావాల్సిన పెద్ద గెలుపు పక్క గదిలో పడుకుని ఉంది, తలుపు తట్టడానికి లేదు. గట్టి ప్రత్యర్థి ఫ్రేజియర్ లేకుండా అలీని ఊహించండి.

పాతకాలం_రావు:
ఇది చాలా పెద్ద పాయింట్. జో లూయీకి కూడా అంతే జరిగింది, 25 డిఫెన్సులు, ఇప్పటికీ రికార్డు. ఎదురు లేకపోతే పేపర్ల వాళ్ళు ఏం చేశారు, ఆయన ప్రత్యర్థులకి "నెలకో దద్దమ్మ" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1941 జూన్‌లో బిల్లీ కాన్ పాయింట్ల మీద ముందుండి 13వ రౌండ్‌లో నాకౌట్ అయ్యేదాకా ఆ వెటకారం నడిచింది. లూయీకి గొప్ప పేరు తెచ్చిన ఫైట్లలో అదొకటి, అందులో ఆయన ఓడిపోబోయాడు.

అంతకుముందు 1926, 27లో జీన్ టన్నీ. జనం నెత్తిన పెట్టుకున్న డెంప్సీని రెండుసార్లు గెలిచాడయ్యా, రెండుసార్లు! జనానికి గుర్తున్నది టన్నీ కింద పడ్డప్పుడు రిఫరీ లెక్కపెట్టడం ఆలస్యమైన ఆ కొన్ని సెకన్లే. గెలిచిన రౌండ్లన్నీ ఒక పక్క, కింద కూర్చున్న ఆ కాసేపూ ఒక పక్క.

ఇందూరు_పోరడు:
ఇంత దూరం పోవుడెందుకు, మా ఊరి నిఖత్ జరీన్ లేదా. 2022ల ఇస్తాంబుల్‌ల వరల్డ్ ఛాంపియన్, ఫైనల్ 5-0. మళ్ళ 2023ల ఢిల్లీల వరల్డ్ ఛాంపియన్, గదీ 5-0. రెండోదానికి కొంతమంది ఏమన్నరంటే "ఢిల్లీ టోర్నీకి అమెరికా, ఇంగ్లండ్, ఐర్లాండ్ అన్ని రాలె గద". అవు, రష్యా లొల్లితోని బాయ్‌కాట్ జేసిన్రు నిజమే. గని రానోళ్ళను ఆమె ఎట్ల కొడ్తది? వచ్చినోళ్ళనే గద కొట్టాలె. పారిస్ ఒలింపిక్స్‌ల సీడింగ్ లేకపాయె, రెండో ఫైట్లనే చైనా వు యూ ఎదురువడ్డది, టాప్ సీడ్, గదే వు యూ గోల్డ్ గూడ కొట్టింది. ఆ ఓటమిని మాత్రం అందరు యాదికి పెట్టుకున్నరు. గెలుపుకేమో షరతులు, ఓటమికి ఏ షరతు లేదు.

మా కాక కొడుకు నిజామాబాద్‌ల బాక్సింగ్ నేర్సుకుంటుండె. ఒకసారి టోర్నమెంట్ల ఎదురోడు రాలె, వాకోవర్‌ల మెడల్ వచ్చింది. ఇంటికొస్తె మా కాక "ఎవన్ని కొట్టినవ్‌రా" అనవట్టె. వాడు "ఎవడు రాలె" అన్నడు. ఇప్పటికి గూడ ఇంట్ల ఆ మెడల్ పేరు "ఎవడు రాలె" మెడలే.

పాప్‌కార్న్_ప్రసాద్:
ఈ థ్రెడ్‌కి టైటిల్ మార్చండి, "ఎవడు రాలె మెడల్"

సీమ_హుక్:
నిఖత్ విషయంలో పోరడితో నాకు పేచీ ల్యా. ఆ బాయ్‌కాట్ ఆయమ్మ చేసింది కాదు. కానీ ప్రొఫెషనల్ బాక్సింగ్ వేరే కదప్పా, అక్కడ ఎవరితో ఆడల్ల, ఎప్పుడు ఆడల్ల, ఎంత బరువులో ఆడల్ల అన్నీ ప్రమోటర్లు కూచ్చోని బేరం చేస్తారు. అట్లాంటప్పుడు జనం అనుమానపడటం న్యాయమే. రాయ్ జోన్స్ లాంటి మహానుభావుడు 1999లో పోలీసు ఉద్యోగం చేసుకుంటుండే ఒకాయన్ని పట్టుకోని టైటిల్ ఫైట్ ఆడినాడు, రెండో రౌండ్‌లో అయిపాయె. ఆ గెలుపుకి ఎవరైనా చప్పట్లు కొడతారా?

వైజాగ్_సౌత్‌పా:
కొట్టరు, కొట్టక్కర్లేదు కూడా. కానీ అదే రాయ్ జోన్స్ 2003లో హెవీవెయిట్‌కి వెళ్ళి జాన్ రూయిజ్‌ని గెలిస్తే "రూయిజ్ అందరిలోకీ వీక్ ఛాంపియన్, ఏరుకున్నాడు" అన్నారు. పోలీసాయన ఫైట్‌కి పడ్డ మచ్చ మంచి గెలుపులకి కూడా అంటుకుంది. నీ అనుమానం న్యాయమే సీమ, దానికి గడువు ఎప్పుడు తీరుద్ది అన్నదే నా గొడవ.

సీమ_హుక్:
గడువు తీరేది వాడు ఓడినప్పుడు. నవ్వకండి, నిజమే చెప్తాండా. వాడు ఎంత ఎత్తులో ఉన్నాడో పడితేనే తెలుస్తుంది.

జాబ్_జగదీష్:
అప్‌డేట్. సీమ అన్న మాట పట్టుకుని ఇవాళ సాయంత్రం మా రూమ్మేట్‌కి 2017 వెంబ్లీ ఫైట్ పెట్టా, ఆంథొనీ జాషువా వర్సెస్ వ్లాదిమిర్, 90 వేల మంది జనం. ఎవరు గెలిచారో చెప్పలేదు, వాడికీ గుర్తులేదు. ఐదో రౌండ్‌లో వ్లాదిమిర్ పడి లేచాడు, ఆరులో జాషువాని పడేశాడు, రూమ్మేట్ మంచం దిగి కింద కూర్చున్నాడు. పదకొండులో ఆ అప్పర్‌కట్ పడ్డప్పుడు "అయ్యో" అన్నాడండీ వీడు! వ్లాదిమిర్ కోసం! అంతా అయ్యాక "41 ఏళ్ళకి ఏం ఆడాడ్రా, ఇతను గ్రేటే" అన్నాడు.

అంటే 18 గెలుపులు చూపిస్తే ఒప్పుకోనివాడు ఒక్క ఓటమి చూసి ఒప్పుకున్నాడు. నాకు సంతోషించాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలీట్లేదు.

పాతకాలం_రావు:
హోమ్స్‌కి కూడా 42 ఏళ్ళ వయసులో 1992లో రే మెర్సర్‌ని గెలిచినప్పుడే జనం ప్రేమగా చూడటం మొదలుపెట్టారు. తల నెరిసేదాకా ఆగాలి. 2015లో వాళ్ళ ఊరు ఈస్టన్‌లో విగ్రహం పెట్టారు, అప్పటికి ఆయనకి 66.

డెట్రాయిట్_బాబు:
జగదీష్ ఇక ఆపు, గెలిచావు. రూమ్మేట్‌కి ఇంకేం చూపించకు.

జాబ్_జగదీష్:
లేటైంది అన్నా. వాడే అడుగుతున్నాడు, "ఆ పొవెత్కిన్ ఫైట్ కూడా పెట్టరా, మళ్ళీ కొత్తగా చూద్దాం" అని.

స్వాతి_రింగ్‌సైడ్:
వద్దు

వైజాగ్_సౌత్‌పా:
వద్దు బాబూ

సీమ_హుక్:
పెట్టప్పా పెట్టు 😁

పాప్‌కార్న్_ప్రసాద్:
కరెంట్ పోయిందని చెప్పు